కింది దారి గేట్ల దగ్గర ఈలలు

సోమవారం, మొదటి షిఫ్టు

మంద ఇవాళ మూడుసార్లు బిగుసుకుంది. తెర మీద బర్రెలు ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయాయి. కాసేపటికి ఒక్కసారిగా గేటు అవతల కనిపించాయి. మధ్యలో నడిచిన నడక ఎవరికీ కనబడలేదు.

పొద్దున్నుంచి ఫోన్లు ఆగలేదు. అందరిదీ ఒకటే మాట, ల్యాగ్ కొడుతోందని. మా పక్కింటి రాజవ్వ ఫోన్ చేయలేదు, నేరుగా సర్వర్ గదికే వచ్చింది. ఆమె ఆట ఎప్పుడూ ఆడలేదు. కానీ వీధి తరఫున తిట్టాల్సి వస్తే అందరూ ఆమెనే పంపుతారు.

"ఓదేలు సారూ, మా బర్రెలు బురదల దిగబడ్డయట. నువ్వేమో ఈడ కుర్చీల దిగబడ్డవ్."

"చూస్తున్న అవ్వా."

"చూసుడు ఎంతసేపు? అవతలి వీధోళ్లు మా మీద గెలుస్తున్నరట. పెద్ద చదువు చదివినవ్, బర్రెను నడిపియ్యరాదా?"

ఆమెకు గెలుపోటములే తెలుసు. చాలామందికీ అంతే, అదే మంచిది. ఒక్కో బర్రె ఒక్కో విడత గాలి. అది ఆటలో గేటు దాటితే మేం కాపురముండే ఈ గనిలో నిజంగానే ఒక ఇనుప తలుపు తెరుచుకుని, పెద్ద పంకా గాలి లోపలి దారికి పోతుంది. ఆ సంగతి క్షణం క్షణం తలుచుకుంటూ ఎవరూ ఆడలేరు. తలుపుల్ని యంత్రానికే వదిలేసిన కాలంలో ఒకసారి అవి మూసుకుని మళ్లీ తెరుచుకోలేదు. అప్పటినుంచి మనిషి చెయ్యి పడనిదే తలుపు కదలకూడదని కట్టుబాటు. ఊరికే కూర్చుని తలుపులు కాయమంటే మనుషులు నిద్రపోయారు. ఆటగా మార్చాక నిద్రపోవడం మానేశారు.

చేసిన పని: సర్వర్ల మూతలు తీసి బొగ్గుపొడి ఊదాను. రెండు ఫ్యాన్లు మార్చాను. వేడి తగ్గింది. ల్యాగ్ తగ్గలేదు.

నా కూతురు రజిత ఇవాళే కింది పంపుల గదిలోకి దిగింది, అక్కడ ఒకసారి దిగితే రెండు రోజుల డ్యూటీ. ఆ గదికి గాలి కింది దారి తలుపుల గుండానే పోవాలి.

మంగళవారం, మొదటి షిఫ్టు

మెమొరీ కార్డులు ఒక్కొక్కటే పీకి, తుడిచి, మళ్లీ గుచ్చాను. అన్నీ బాగానే ఉన్నాయి. పోయిన వారం వేసిన అప్‌డేట్ వెనక్కి తీశాను. అందులో కొత్త గడ్డి, వాన చినుకులు తప్ప ఏమీ లేవు. అయినా తీశాను. తేడా లేదు.

గాలి ఇన్‌ఛార్జి సమ్మిరెడ్డి వచ్చి నా వెనక నిలబడ్డాడు. నిలబడితే పని జరుగుతుందని అతని నమ్మకం.

"ఒకసారి మొత్తం బంద్ చేసి మల్ల స్టార్ట్ చెయ్యరాదు? మా ఇంట్ల టీవీకి గట్లనే చేస్త."

"టీవీ ఆగితే సీరియల్ పోతది. ఇది ఆగితే తలుపులు ఎక్కడివక్కడ ఆగుతయి."

"ఎంతసేపు?"

"అందరూ మళ్లీ లోపలికి వచ్చేదాక."

"చెయ్యి."

చేశాను. సర్వర్ లేచింది. లేచిన మరుక్షణం కాలనీలో ఆట ఆడే మిషన్లన్నీ ఒకేసారి లోపలికి రావడానికి తోసుకున్నాయి. పడిపోయింది. మళ్లీ లేపాను, మళ్లీ పడింది. ఒక వీధి తర్వాత ఒక వీధి రావాలని మైకులో చెప్పించి, మిగతావాళ్ల ప్లగ్గులు పీకించాక నిలబడింది. అప్పటికి కింది దారి తలుపులు సగం మూసుకుని చాలాసేపు అయింది.

పంపుల గది నుంచి ఫోన్.

"బాపూ, గాలి మీటర్ ముల్లు పసుపుకు అచ్చింది."

"తల నొస్తుందా?"

"నాకు లేదు. మల్లక్కకు ఉన్నది. పంపులు మాత్రం మంచిగనే నడుస్తున్నయ్."

మల్లక్క ఆమెతో పనిచేసే పెద్దామె. పంపులు ఆపి ఇద్దరూ పైకి రావచ్చు. ఆపితే నీళ్లు కింది వీధుల్లోకి ఎక్కుతాయి, అక్కడ కుటుంబాలున్నాయి. కాబట్టి రారు. నేను రమ్మని అనలేదు, ఆమె వస్తానని అనలేదు.

"నీళ్లు తాగుతూ ఉండు. నేల మీద కూర్చోకు, చెడుగాలి కిందికే దిగుతది."

"నాకు తెల్వదా బాపూ. నీ పని నువ్వు చూడు."

మంగళవారం, రెండో షిఫ్టు

అన్నం కోసం ఇంటికి వెళ్లాను. పోయిన నా భార్య స్వరూప మిషన్ వెలుగుతోంది. గదిలో వేరే లైటు వేయలేదు.

ఈ గనిలో నిప్పు పుల్ల గీయకూడదు. గీస్తే అందరం పోతాం. అందుకని పోయినవాళ్లకు దీపం పెట్టే వీలు లేదు. వాళ్లు ఆడిన తెరనే ఏడాది పాటు వెలిగించి ఉంచుతాం. ఆ మిషన్ ముందు ఎవరూ కూర్చోరు. ఆటలో వాళ్ల కాపరి, అంటే వాళ్ల తరఫున ఈల వేసి బర్రెల్ని పిలిచే బొమ్మ, వాళ్ల గేటు దగ్గర, వాళ్ల పేరుతో నిలబడి ఉంటాడు.

ముట్టుకోకుండా వదిలేస్తే ఆట కాసేపటికి మనిషిని బయటికి పంపేస్తుంది, తెర నల్లబడుతుంది. అందుకే తల తిప్పే టేబుల్ ఫ్యాన్‌కు ఒక దారం, దారం చివర ఒక నట్టు. ఫ్యాన్ ఇటు తిరిగినప్పుడల్లా నట్టు ఈల బటన్ మీద పడుతుంది. నడక బటన్ మీద పడితే కాపరి ఎటో వెళ్లిపోతాడు. ఈల అయితే ఉన్నచోటే ఉంటాడు. ఇది ఎవరు మొదలుపెట్టారో తెలియదు, అన్ని ఇళ్లలోనూ ఇదే ఏర్పాటు. స్వరూప మిషన్‌కు రజిత కట్టింది. మొన్నటి జ్వరాల్లో మనుషులు పోయి, మా వీధిలోనే చాలా ఇళ్లలో కట్టారు.

నట్టు బటన్ మీద పడే చప్పుడు వింటూ తిన్నాను. ఆ చప్పుడు అలవాటైంది. అది లేకుండా ఇంట్లో నిద్ర పట్టదు.

బుధవారం, మొదటి షిఫ్టు

కేబుళ్లు. పై వీధి నుంచి కింది దారి దాకా ప్రతి జాయింటూ చూశాను. ఒక చోట ఎలుక కొరికింది. మార్చాను. పంపినది పంపినట్టే చేరుతోంది, ఎక్కడా నష్టం లేదు. డ్యూటీ బోర్డు చూశాను. అన్ని గేట్ల దగ్గరా పచ్చ దీపమే, అంటే అన్ని గేట్లకూ మనిషి ఉన్నట్టు.

తప్పు ఎక్కడా లేదు. అయినా బర్రెలు కదలడం లేదు. తప్పు కనబడితే ఇంత భయం ఉండేది కాదు.

పంపుల గదికి షిఫ్టు మారాల్సిన ఇద్దరు కింది దారి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చారు. ఒకతన్ని ఇంకొకతను మోసుకొచ్చాడు. దారిలో మీటర్ ఎరుపులో ఉంది. అంటే రజిత, మల్లక్క ఇప్పుడు రావాలనుకున్నా రాలేరు.

సమ్మిరెడ్డి ఆ ఇద్దరి దగ్గరే ఉండిపోయాడు. ఇవాళ నా వెనక వచ్చి నిలబడలేదు.

బుధవారం, రెండో షిఫ్టు

సర్వర్ వైపు నుంచి చూసి లాభం లేదని ఆటలోకే వెళ్లాను. నా కాపరిని కింది దారికి నడిపించాను. ఆ దారిలో ఎప్పుడూ మసక వెలుతురే. ఉద్యోగం సర్వర్ గదికి మారినప్పటినుంచి నేను అటు పోలేదు.

మొదటి గేటు దగ్గర ఒకతను నిలబడి ఉన్నాడు. పలకరించాను. ఈల వేశాడు. తల మీద పేరు చదివాను. ఐలేశ్. రాజవ్వ కొడుకు.

తర్వాతి గేటు దగ్గర ఇద్దరు. ఆ ఇద్దరి పేర్లూ నాకు తెలుసు. ఒకరి పాడె మోశాను. ఆ తర్వాతి గేటు దగ్గర ఒక కుటుంబం మొత్తం, తల్లి, తండ్రి, తండ్రి తమ్ముడు. అందరూ నిటారుగా, ఒకే వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. ఒకరి ఈల ఆగకముందే ఇంకొకరిది. ఎవరి ఫ్యాన్ ఎప్పుడు తిరిగితే అప్పుడు. ముందుకు పోయేకొద్దీ ఈలలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎక్కడో పెద్ద పైపు పగిలి గాలి కారుతున్నట్టు వినబడింది.

బర్రెలు వాళ్ల మధ్య ఉన్నాయి. ఈల వినబడిన వైపు మెడ తిప్పుతాయి. ఒక అడుగు వేసేలోపు వెనక నుంచి ఇంకో ఈల. మెడ వెనక్కి తిప్పుతాయి. ఎప్పుడో పొరపాటున ఒకటి గేటు దాటుతుంది. మిగతావి అక్కడే, మెడలు తిప్పుతూ.

బతికున్నవాళ్లు ఒక్కరు కనబడతారేమోనని చివరిదాకా నడిచాను. చివరి గేటు దగ్గర స్వరూప ఉంది. పసుపు తలగుడ్డ, ఆమె ఎంచుకున్నదే. నన్ను కాదు, నా వెనక గోడను చూస్తోంది. ఈల వేసింది. తెరలో నా కాపరి కదలలేదు. ఇక్కడ నేను కుర్చీతో సహా వెనక్కి జరిగాను.

ఇప్పుడు సంగతి తెలిసింది. ప్రతి ఈలకూ సర్వర్ చుట్టుపక్కల ఉన్న ప్రతి బర్రెనూ అడగాలి, పోతావా పోవా అని. బతికున్న మనిషి అవసరమైతేనే ఈల వేస్తాడు. ఫ్యాన్ ఆగదు. ఇదివరకు ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు కాబట్టి సర్వర్ మోసింది. ఈ జ్వరాల తర్వాత మోయలేకపోతోంది.

గురువారం, మొదటి షిఫ్టు

సమ్మిరెడ్డికి చెప్పాను.

"అంటే పోయినోళ్లను తీసెయ్యాల్నా?"

"ఆటలోంచే."

"జనానికి ఏమని చెప్పాలె నేను? మా వదినె మిషన్ సుత వెలుగుతనే ఉన్నది. మా అన్న దాని ముందలనే పండుకుంటడు."

"కింద ఇద్దరున్నరు."

"అందుల ఒకరు నీ బిడ్డ. అదొక మాట అంటరు, తెలుసుగదా."

"అననియ్యి."

అతను తల ఊపి బయటికి వెళ్లాడు. నేను చేస్తుంటే చూడటం ఇష్టం లేక వెళ్లాడనుకుంటాను.

కింది దారిలో ఈల తప్ప వేరే బటన్ నొక్కని పేర్లన్నీ ఎంచాను. తిరిగి రాకుండా అడ్డు పెట్టాను. స్వరూప పేరు చివర్లో వచ్చింది. దాన్ని కూడా ఎంచి, బయటికి పంపే ఆదేశం ఇచ్చాను.

ల్యాగ్ ఆ క్షణమే పోయింది. నాలుగు రోజుల తర్వాత బర్రెలు బర్రెల్లా నడిచాయి. చల్లబడిన సర్వర్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. పని అయిపోయిందనుకున్నాను.

బర్రెలు కింది దారిలో ఉండలేదు. పిలిచేవాళ్లు లేరు కాబట్టి ఒకదాని వెనక ఒకటి పై గేట్ల వైపు ఎక్కిపోయాయి. డ్యూటీ బోర్డులో కింది దారి వరస మొత్తం నల్లబడింది. అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు. ఇన్నాళ్లూ ఆ పచ్చ దీపాలన్నీ పోయినవాళ్లవే. వాళ్లు డ్యూటీలో ఉన్నట్టే బోర్డు చూపించింది, వాళ్ల చోట ఎవరినీ వేయలేదు. ఆ పిచ్చి ఈలలకే ఎంతో కొంత గాలి కిందికి పోతూ వచ్చింది. నేను దాన్ని కూడా ఆపేశాను.

ఏ గేటైనా దానికి పేరు రాసి ఉన్న కాపరి ఈలకే తెరుచుకుంటుంది. పేరు మార్చాలంటే సర్వర్ ఆపి లేపాలి. ఆపితే మంగళవారం ఏమైందో తెలుసు.

పంపుల గదికి ఫోన్ చేశాను. రజిత ఎత్తింది.

"బాపూ, ఎరుపు." అంతే అంది. మాటకు మాటకు మధ్య ఊపిరి వినబడింది. "మల్లక్క లేస్తలేదు."

"పంపు పక్కన ఎత్తైన చోట ఎక్కు. ఫోన్ పెట్టెయ్యకు. మాట్లాడకు. ఊరికే పట్టుకో."

పోయినవాళ్ల పేర్లకు పెట్టిన అడ్డు తీసేశాను. ఆ లైను నా చేతి ఫోన్‌కు కలుపుకుని వీధిలోకి పరుగెత్తాను.

వీధంతా బయటే ఉంది. ఇళ్లలో తెరలు ఒక్కసారిగా ఆరిపోయాయి కదా. కొందరు ఏడుస్తున్నారు. రాజవ్వ నన్ను చూసి ఎదురొచ్చి చొక్కా పట్టుకుంది.

"నా కొడుకు దీపం ఆర్పినవ్. నీకు చేతులెట్ల వచ్చినయ్‌రా?"

ఆమె నన్ను ఎప్పుడూ సారు అనే పిలిచేది.

"మిషన్ మళ్లీ పెట్టు అవ్వా. అడ్డు తీసిన."

"పెడత. నువ్వు చెప్తే పెడతనా? నా కొడుకుది నేను పెట్టుకుంట."

"ఈసారి దారం కట్టకు. నువ్వు కూసో."

చొక్కా వదిలింది. "సచ్చినోళ్ల కుర్చీల ఎవలన్న కూసుంటరా? ఏడాది గాకముందు?"

"కింది గేట్ల దగ్గర ఎవరూ లేరు. రజిత కింద ఉంది." చేతిలోని ఫోన్ ఆమె చెవికి పెట్టాను. పంపు చప్పుడు, దాని వెనక సన్నగా ఊపిరి.

ఆమె కాసేపు విన్నది. తర్వాత వీధి వైపు తిరిగింది. నాలుగు రోజులుగా నన్ను తిట్టిన గొంతుతోనే వాళ్లను తిట్టింది.

"ఏడుసుడు తర్వాత. అందరు ఇండ్లల్లకు పోండ్రి. పోయినోళ్ల మిషన్లు పెట్టుండ్రి. దారాలు పీకి పారేసి కూసోండ్రి. పాపమైతే నాకే తగలని."

లోపలికి వెళ్లి ఐలేశ్ కుర్చీలో కూర్చుంది. కూర్చునే ముందు కుర్చీకి దండం పెట్టింది. తెర వెలిగింది. బర్రెలు దూరంగా కనబడ్డాయి. ఆమె తెరకు మొహం దగ్గర పెట్టి నోటితో ఈల వేసింది.

"బటన్ నొక్కాలె అవ్వా."

"ఏది?"

చూపించాను. నొక్కింది. చాలా దూరంలో ఒక బర్రె మెడ తిప్పింది.

"వింటున్నదిరో," అంది మెల్లగా. ఇంకోసారి నొక్కలేదు. అది వచ్చేదాకా ఆగింది. ఆమెకు అంతకన్నా చెప్పాల్సింది లేదు.

నేను ఇంటికి వెళ్లాను. స్వరూప మిషన్ పెట్టాను. ఫ్యాన్ తీసి నేల మీద పెట్టాను. కుర్చీలో ఆమె దిండు అలాగే ఉంది. దాన్ని తీయలేదు, దాని మీదే కూర్చున్నాను.

చివరి గేటు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. పంపు చప్పుడు వినబడుతోంది. ఊపిరి వినబడటం లేదు. పంపు చప్పుడులో కలిసిపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. మొదటి బర్రె పై గేట్లు దాటి రావడానికి ఎంతసేపు పట్టిందో రాయలేను. అది రాజవ్వ కాస్తున్న గేటు దాటింది. ఆ తర్వాతి గేటు దగ్గర ఎవరో భయపడి వరసగా ఈలలు వేశారు, బర్రె ఆగిపోయింది. గోడ అవతల నుంచి రాజవ్వ అరిచింది, ఒక్కసారి పిలిచి నోరు మూసుకోండ్రి అని. బర్రె మళ్లీ కదిలింది.

నా గేటు దగ్గరికి వచ్చింది. ఈల వేశాను. దాటలేదు. దానికి ఎదురుగా నడిచి ఇంకోసారి వేశాను. తల అడ్డంగా ఊపింది.

ఫోన్‌లో దగ్గు వినబడింది.

"బాపూ." చాలాసేపటికి. "ఈడ గేట్లు చూపే తెర మీద అమ్మ నడుస్తున్నది."

"అమ్మ కాదు బిడ్డా. నేను."

ఆమె మళ్లీ దగ్గింది. తర్వాత,

"ఎదురుంగ నిలబడకు. అమ్మ పక్కకు జరిగేది. జరిగి, అప్పుడు పిలిచేది."

పక్కకు జరిగాను. పిలిచాను. బర్రె గేటు దాటింది. ఎక్కడో కింద ఇనుము కదిలిన చప్పుడు ఫోన్‌లో వినబడింది.

"ఇంకోటి పంపు," అంది.

శుక్రవారం, మొదటి షిఫ్టు

కింది దారి పొద్దున పసుపుకు వచ్చింది. సమ్మిరెడ్డి మనుషులతో దిగి ఇద్దరినీ పైకి తెచ్చాడు. మల్లక్క ఆసుపత్రిలో ఉంది. కళ్లు తెరిచింది, మనుషుల్ని గుర్తుపడుతోంది. ఆమె మొగుణ్ని చూసి నువ్వెవరని అడిగిందట. గుర్తులేక కాదు, ఏడిపించడానికి అని సమ్మిరెడ్డి చెప్పాడు.

రజిత ఆసుపత్రిలో ఉండనంది. ఇంటికి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. నేల మీద ఉన్న ఫ్యాన్ చూసింది, తాను కట్టిన దారం చూసింది. నేను ఆట ఆపలేదు. ఆపే వీలు లేదు.

"ఏడాది కాలేదు గద బాపూ."

"కాలేదు."

"రాజవ్వ ఏమన్నది?"

"పాపమైతే తనకే తగలమంది."

కాసేపు బర్రెలను చూసింది. ఒకటి మొరాయిస్తే నా చెయ్యి పక్కకు తీసి తనే పిలిచింది. అది దాటింది.

"లే. నీ కండ్లు నెత్తురులెక్క ఉన్నయ్."

"నువ్వు పడుకోవాలె."

"పండుకుంటే ఆ ముల్లే కనబడుతున్నది. లే."

లేచాను. ఆమె దిండు సర్దుకుని కూర్చుంది. స్వరూప పేరు తెర మీద పక్కకు జరిగి, ఆగి, ఈల వేసింది.

ల్యాగ్ లేదు. ఆట పడిపోలేదు. తప్పు ఎక్కడుందో తెలిసింది కాబట్టి ఫిర్యాదు మూసేసినట్టు రాయమన్నాడు సమ్మిరెడ్డి. రాయలేదు. డ్యూటీ బోర్డు కొత్తగా దిద్దుతున్నాను. ఈసారి దీపాన్ని బట్టి కాదు, ఇంటింటికీ వెళ్లి మనిషిని చూసి రాస్తున్నాను. జ్వరాల తర్వాత కింది దారికి ఎంతమందిమి మిగిలామో ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండటానికే తెరలు వెలిగించుకున్నామేమో.

చివరి గేటు, స్వరూప. మొదటి షిఫ్టు ఓదేలు. రెండో షిఫ్టు రజిత.

రాత్రి షిఫ్టుకు ఇంకా ఎవరూ దొరకలేదు.